తాతయ్య కొట్టేసిన ‘ఏమో’

లాయరు నోటీసు వచ్చిన రోజు తాతయ్య మొదట చేసిన పని భయపడటం కాదు, ఎర్ర పెన్ను వెతకటం. రెండు పేజీల నోటీసులో ఏడు తప్పులు పట్టుకున్నాడు. ‘పరువునష్టం’ మూడు చోట్ల మూడు రకాలుగా ఉందట. ‘బాధ్యులు’కు లేని వత్తు తగిలించారట. రెండో పేజీలో ఒక వాక్యానికి కర్తే లేడట.

“కర్త లేకపోవడమేమిటి? మీరే కర్త. తిట్టిందంతా మిమ్మల్నే,” అంది నాయనమ్మ, భుజం మీదుగా తొంగిచూస్తూ.

“నన్ను కాదే, మన సైట్‌ని.”

“మీ సైట్. నేనెప్పుడైనా అందులో వేలు పెట్టానా?”

తాతయ్య ఎనిమిదో తప్పు కోసం నోటీసులోకి తలదూర్చాడు. నాయనమ్మ మాటలకు ఆయన చాలాసార్లు చేసే పని అదే.

తాతయ్య ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. బడి పుస్తకాలు, బస్సుల టైం టేబుళ్లు, మందుల పెట్టెల్లో మడిచిపెట్టే సన్నక్షరాల కాగితాలు, అన్నీ ఆయన కళ్లు దాటుకునే బయటికి వెళ్లేవి. ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదివేవాడు. మొదటి చూపు ఒక రోజు, రెండో చూపు ఇంకో రోజు. ఒకే రోజు రెండుసార్లు చదివితే కన్ను సోమరిదై, ఇందాక చూసిందే మళ్లీ చూస్తుందని ఆయన సిద్ధాంతం. ఇంట్లో సరుకుల చీటీని కూడా అలాగే చదివేవాడు కాబట్టి, ఈ రోజు రాసిన చీటీకి సరుకులు ఎల్లుండి వచ్చేవి.

పక్క బల్ల దగ్గర అక్షరాలు కూర్చేవాడు కంపోజిటరు. సీసపు అక్షరాల కాలం నుంచి ఉన్న మనిషి కాబట్టి తాతయ్య అతన్ని సీసం అనేవాడు. కనిపించిన వాక్యాన్నల్లా కత్తిరిస్తాడు కాబట్టి అతను తాతయ్యను కత్తెర అనేవాడు. ప్రెస్సు మూతబడింది గానీ ఆ పేర్లు మూతబడలేదు. రోజూ పొద్దున్నే టీ కొట్టు బల్ల మీద ఇద్దరూ చేరాల్సిందే.

సైట్ పుట్టింది వంటింటి కొళాయి వల్ల. ఒక ప్లంబరు నాలుగుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ కారేచోటు మార్చి వెళ్లాడు. ఏ పనికి ఎవరు మంచివాడో చెప్పే దిక్కే లేదా అని తాతయ్య ఒంటికాలి మీద లేచాడు. సీసం అప్పటికే కంప్యూటర్‌లో పేజీలు కట్టడం నేర్చుకున్నాడు. ఇద్దరూ కూర్చుని ‘ఎవరిని పిలవాలి?’ అని ఒక సైట్ పెట్టారు. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, దర్జీలు, మెకానిక్కులు, ఎవరి పని గురించైనా ఎవరైనా రాయవచ్చు. మారుపేరుతో రాసినా పరవాలేదు. రాసినవాళ్ల అసలు పేరు బయటపెట్టబోమని మొదటి పేజీలోనే మాట ఇచ్చారు. తొమ్మిదేళ్లలో నాలుగు వేలమంది రాశారు. ప్రతి రాతా ముందు తాతయ్య దగ్గరికి వస్తుంది. మొదటి చూపు, రెండో చూపు అయ్యాకే సైట్‌లోకి ఎక్కుతుంది. జనం సణిగినా సరే వ్యాకరణం తప్పకుండా సణగాలని ఆయన పట్టుదల.

బెదిరింపులు ఆయనకు కొత్తేమీ కావు. వాటికోసం ఒక నీలం ఫైలే ఉంది. ఒక దర్జీ నోరు కుట్టేస్తానన్నాడు, అదీ కొలతలు తీసుకోకుండా. కారు నడపడం నేర్పే ఆయన ఒకడు, “పాఠం చెబుతూ నిద్రపోతాడని రాస్తారా? నేను కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వింటానండీ!” అని గంటసేపు అరిచాడు. తాతయ్య అంతా విని, “ఇదే రాసి పంపండి, ఆ రాత కిందే వేస్తాను,” అన్నాడు. వేశాడు కూడా. ఆ తర్వాత ఆయన దగ్గర చేరేవాళ్లు పెరిగారు. తాతయ్య పద్ధతి అదే. ఫోన్ ఎత్తడం, కోపం చల్లారేదాకా వినడం, ఏ మాట తప్పో అడగడం, జవాబు కూడా అచ్చెయ్యడం.

ఈసారి మాత్రం ఫోన్ కాదు, నోటీసు. పంపింది ఒక ఫ్రిజ్ మెకానిక్కు. ‘చల్లటినీళ్లు’ అనే మారుపేరుతో వచ్చిన రాతలో ఒక్క వాక్యం మీద అతని గొడవ: ‘మా ఫ్రిజ్‌లో మంచి కంప్రెసర్ తీసేసి పాతది బిగించాడు.’ ఇది దొంగతనం అంటగట్టడమే అన్నాడు. పదిహేను రోజుల్లో ఆ వాక్యం తీసెయ్యాలి, క్షమాపణ చెప్పాలి, రాసినవాడి పేరు ఇవ్వాలి. లేకపోతే కోర్టుకు ఈడుస్తాను, సైట్ మూయిస్తాను అని బెదిరించాడు.

‘రాసినవాడి పేరు’ అన్న మాటల కింద తాతయ్య ఎర్రగీత గీశాడు. ఎందుకంటే ఆ చల్లటినీళ్లు ఎవరో కాదు, సీసమే. “పక్కవీధి మెకానిక్కురా, మొహాలు చూసుకోవాలి, మారుపేరుతో రాశాను, ఎవరికీ చెప్పకు,” అని ముందే చెవిలో వేశాడు.

లాయరుగా పనిచేస్తున్న మేనకోడలికి ఫోన్ చేశాడు తాతయ్య.

“పేరు మనంతట మనం ఇవ్వక్కర్లేదు మామయ్యా. కోర్టు అడిగితే అప్పుడు చూద్దాం. ఆ వాక్యం ఇప్పటికి కనబడకుండా పెట్టండి, కానీ చెరిపెయ్యొద్దు. ఏ కాగితమూ పారెయ్యొద్దు. కోపంగా జవాబు రాయొద్దు.”

“కోపం లేదమ్మా. వాళ్ల నోటీసులో తప్పులు దిద్ది పంపుదామనుకున్నా, అంతే.”

“అయ్యో మామయ్యా! అది అస్సలు చెయ్యొద్దు. ఇంకొకటి. జనం రాసింది ఉన్నదున్నట్టు పెడితే మనం ఉత్త గోడ లాంటివాళ్లం. మాట మారిస్తే ఆ మాట మనదవుతుంది. మీరేమీ మార్చలేదు కదా?”

“అక్షర దోషాలు తప్ప ఏం మారుస్తాను?”

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆయన దృష్టిలో ఆయన చేసేవన్నీ అక్షర దోషాలు దిద్దడమే.

ఆ పది రోజులూ సీసం ఒక్కపూటా తప్పకుండా టీ కొట్టుకు వచ్చాడు. “నిలబడరా కత్తెరా. ఇవాళ ఒక్కడి పేరు చెప్పావంటే రేపు ఎవడూ రాయడు,” అనేవాడు. తాతయ్య ఛాతీ రెండంగుళాలు పొంగేది. ఇంటికొచ్చి అదే ముక్క నాయనమ్మకు చెప్పేవాడు. “ఆయన దాక్కున్నది మీ వెనకాల. నిలబడమనక కూర్చోమంటాడా?” అనేది నాయనమ్మ. తాతయ్య చెవిన వేసుకునేవాడు కాదు. స్నేహం సంగతి ఆడవాళ్లకేం తెలుసని గొణిగేవాడు, నాయనమ్మకు వినబడనంత మెల్లగా.

పదకొండో రోజు మధ్యాహ్నం మెకానిక్కే స్వయంగా వచ్చాడు. గోళ్లలో గ్రీజు, చేతిలో ఒక కవరు. గొడవకు వచ్చినట్టు లేడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“సార్, మీతో ఒక్కసారి ముఖాముఖి మాట్లాడి పోదామని వచ్చా. పదిహేనేళ్లుగా స్క్రూడ్రైవరు పట్టుకుని బతుకుతున్నా. మీ సైట్ చదివి, నోటీసు పంపే ముందురోజు ఒకావిడ నేను పని చేస్తున్నంతసేపూ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. దొంగకి కాపలా ఉన్నట్టు.”

“చూడు బాబూ, రాసినవాళ్ల పేరు అయితే నేను చెప్పను.”

“పేరెందుకు సార్? ఆయనే వచ్చి చెప్పాడు కదా!”

తాతయ్యకు వెంటనే అర్థం కాలేదు. “ఎవరు వచ్చి?” అన్నాడు.

“మీ స్నేహితుడు. నోటీసు మీకు అందిన మూడో రోజే మా కొట్టుకు వచ్చాడు. నేను అడగను కూడా లేదు. ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్ వెనక విప్పించాడు. కొన్నప్పటి కాగితంలో నంబరూ, కంప్రెసర్ మీది నంబరూ ఒకటే. పాతది నేను బిగించలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఇదిగోండి, రాసి సంతకం పెట్టాడు.”

కవరులో రెండు కాగితాలు. ఒకటి సీసం సైట్‌కు పంపిన అసలు రాత. పంపినవాడి దగ్గర ఒక నకలు ఉండాలని, ప్రతి రాతా తిరిగి వాళ్లకు వెళ్లే ఏర్పాటు తాతయ్యే పట్టుబట్టి పెట్టించాడు. అందులో ఇలా ఉంది: ‘మంచి కంప్రెసర్ తీసేసి పాతది బిగించాడేమో అనిపిస్తోంది.’ రెండో కాగితంలో సీసం గుండ్రటి చేతిరాత: ‘నేను అనుమానం మాత్రమే రాశాను. సైట్ నడిపే వ్యక్తి నన్ను అడగకుండా దాన్ని ఆరోపణగా మార్చాడు. దీనితో నాకు సంబంధం లేదు.’

‘సైట్ నడిపే వ్యక్తి.’ తాతయ్య ఆ మూడు మాటల దగ్గరే ఆగిపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు పక్క బల్ల, తొమ్మిదేళ్లు ఒకే సైట్, ఆఖరికి తను ‘వ్యక్తి’ అయ్యాడు. ఆ కాగితంలో ఒక్క తప్పు కూడా లేదు. సీసం బతుకులో తప్పుల్లేకుండా కూర్చిన మొదటి పేజీ అదే అయి ఉంటుంది.

మెకానిక్కు వెళ్లాక తాతయ్య తన పాత నకళ్లు తీశాడు. అంతా ఎర్రగా కనబడింది. మొదటి చూపులో ‘అనిపిస్తోంది’ కొట్టేశాడు. పక్కనే ‘ఏమో’ ఉండగా ఒకే వాక్యానికి రెండు అనుమానాలెందుకని. రెండు రోజుల తర్వాత రెండో చూపు. మొదటి రోజు ఏం కొట్టేశాడో మరిచిపోయాడు. ‘బిగించాడేమో’ అని వాక్యం నీరసంగా ముగియడం కంటికి గుచ్చుకుంది. ‘బిగించాడు’ అని బిగించాడు. మెకానిక్కు పాతదేమీ బిగించలేదు. బిగించింది తాతయ్యే.

మేనకోడలికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాడు. “ఇకమీదట ఒక్క కామా కూడా ముట్టుకోవద్దు మామయ్యా,” అంది. అంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు.

మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర సీసం ముందే వచ్చి కూర్చున్నాడు.

“ఏరా కత్తెరా, గట్టిగానే ఉన్నావా? పేరు చెప్పలేదు కదా?”

“ఎవరి పేరు?”

“అదేంట్రా, నాదే.”

“నువ్వే చెప్పుకున్నాక నేను చెప్పడమెందుకు?”

సీసం గ్లాసు బల్ల మీద పెట్టాడు. “వాడు వచ్చాడా?” అన్నాడు.

“వచ్చాడు. నీ కాగితం చూపించాడు.”

“అందులో అబద్ధం ఏముందిరా? నేను ‘ఏమో’ అన్నాను. నువ్వు తీసేశావు. అవునా కాదా?”

“అవును.”

“మరి? నాకు భయమేసింది. ఈ వయసులో కోర్టు మెట్లు ఎక్కమంటావా?”

“ఎక్కమనలేదురా. ఒక్కమాట నాకు చెప్పాల్సింది.”

“చెబితే వద్దనేవాడివి.”

“వద్దనేవాణ్ణి కాదు. పక్కన కూర్చుని నేనే రాసిచ్చేవాణ్ణి. తప్పు నాదైతే నీకు భయమెందుకు?” తాతయ్య తన గ్లాసు పక్కకు జరిపాడు. “పోనీ, అదీ వదిలెయ్. ఎనిమిది రోజులు. ఇదే బల్ల మీద కూర్చుని పేరు చెప్పకురా, నిలబడరా అన్నావు. అదెందుకురా?”

సీసం గ్లాసులోకి చూశాడు. “నువ్వు నాకోసం అలా నిలబడుతుంటే మానెయ్యమని ఎలా అనను? ఎందుకు అని అడుగుతావు కదా.”

తాతయ్య లేచాడు. టీ అలాగే ఉంది. ప్రెస్సులో ఎన్నో వేల వాక్యాలు దిద్దిన మనిషికి, ఆ ఒక్క వాక్యాన్ని ఎక్కడ పట్టుకుని దిద్దాలో తెలియలేదు.

సవరణ ఆ రోజే రాశాడు, సైట్ మొదటి పేజీకి. ‘ఫ్రిజ్ మెకానిక్కు గురించి ఇక్కడ వచ్చిన వాక్యం తప్పు. రాసినవారు అనుమానం మాత్రమే తెలిపారు. దాన్ని ఆరోపణగా మార్చింది నేను. కంప్రెసర్ మారలేదని రుజువు చూశాను. ఆయనకు నా క్షమాపణ.’ కింద తన పూర్తి పేరు పెట్టాడు.

“అసలు అనుమానం రేపిందే ఆయన. ఆయన పేరు కూడా రాయండి మామయ్యా. ఇప్పుడు దాచేదేముంది?” అంది మేనకోడలు.

“మాట ఇచ్చింది చల్లటినీళ్లకమ్మా. సీసానికి కాదు.”

మెకానిక్కు సాయంత్రానికి ఫోన్ చేశాడు. నోటీసు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. సవరణ నెల రోజులు మొదటి పేజీలోనే ఉండాలన్నాడు. తాతయ్య ఏడాది ఉంచుతానన్నాడు. “అంత వద్దు సార్, ఆ తర్వాత నన్ను చూసి జనానికి మీరే గుర్తొస్తారు,” అన్నాడు అతను. సైట్ నిలబడింది.

ఇంకొక్క పని మిగిలింది. సైట్ లోపలికి వెళ్లే పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. తొమ్మిదేళ్లలో దాన్ని మార్చవలసి వచ్చినప్పుడల్లా మార్చింది సీసమే. తాతయ్యకు పాస్‌వర్డు మార్చే చోటు ఎటు ఉంటుందో కూడా తెలియదు. మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నవాడు నాలుగు గంటలకు గానీ దాన్ని పట్టుకోలేకపోయాడు. పాస్‌వర్డు మార్చాడు. చివర్లో తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ‘మిగతా పరికరాలన్నిటి నుంచీ బయటికి పంపాలా?’

“ఏమంటోంది అది?” అంది నాయనమ్మ.

తాతయ్య చదివి వినిపించాడు. మిగతా పరికరమంటే ఒక్కటే, సీసం ఇంట్లోది. నాయనమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తాతయ్య ‘అవును’ నొక్కాడు.

పావుగంట కాకముందే ఫోన్ మోగింది. సీసం. ఏమీ జరగనట్టే, పాత గొంతుతోనే మాట్లాడాడు.

“ఒరేయ్ కత్తెరా, సైట్ పడిపోయినట్టుందిరా. నాకు లోపలి పేజీ తెరుచుకోవడం లేదు. వచ్చి చూడనా?”

తాతయ్య ఎదురుగా తెర వెలుగుతూనే ఉంది. కొత్తగా ఎవరో గడియారాలు బాగుచేసే ఆయన గురించి రాసి పంపారు.

“పడిపోలేదు,” అన్నాడు తాతయ్య. “బాగానే నడుస్తోంది.”

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు. చివరికి సీసమే, “సరేరా,” అని పెట్టేశాడు.