పెద్దమనిషికి మాటలు రాసినవాడు

మా వారపత్రికలో బొమ్మల కథలకు మాటలు రాసేది నేను. ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. ఉక్కుగద్ద అనే వీరుణ్ణి పుట్టించింది నేనే. వాడికి రెక్కలు, ధైర్యం, నీతివాక్యాలు అన్నీ ఇచ్చింది నేనే. కానీ పాఠకుల ఉత్తరాలు మాత్రం వాడికి రావు, వాడి శత్రువుకు వస్తాయి. ఆ శత్రువుకు నేను పెట్టిన పేరు ప్రళయాంతకుడు. పాఠకులు ఆ పేరును పక్కన పారేసి వాణ్ణి పెద్దమనిషి అని పిలుచుకున్నారు. ఎందుకంటే వాడు అరవడు, తిట్టడు. బూడిదరంగు కోటు వేసుకుని, నింపాదిగా మెట్లెక్కి వచ్చి, తలుపు తట్టి, “లోపలికి రావచ్చాండీ?” అని అడుగుతాడు. ఆ పేజీ తిప్పడానికి పిల్లలు భయపడతారట. ఆ సంగతి తలచుకుని నేను ఎన్నిసార్లు మీసం దువ్వుకున్నానో నాకే తెలియదు.

అయితే ఇది నా గురించి కాదు, గుండ్రాలాయన గురించి. బొమ్మలో మనిషి నోటి పక్కన మాటల కోసం వదిలే ఖాళీని మా ఆఫీసులో గుండ్రం అంటాం. ఆర్టిస్టు బొమ్మ వేసి గుండ్రాలు గీసిస్తాడు. నేను రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, సన్నటి కుంచెతో వాటిలో అక్షరాలు నింపే మనిషి గుండ్రాలాయన. యాభై ఆరేళ్లు ఉంటాయి. బక్కపలచటి మనిషి. సిరా అలుక్కుపోకుండా మణికట్టు కింద ఒక పాత గుడ్డ పరుచుకుంటాడు. వరుస పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా వదులుతాడు. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండుకొస్తుంది. “ఏమోయ్ గుండ్రాలూ, రాస్తున్నావా, బరువులెత్తుతున్నావా?” అని గదంతా వినిపించేలా కేకేస్తాను. ఆయన నవ్వి మళ్లీ కుంచె ముంచుతాడు. నా నోటికి జడిసి ఇద్దరు ఆర్టిస్టులు ఉద్యోగం మానేశారుగానీ ఆయన మాత్రం ఏనాడూ మొహం మాడ్చుకోలేదు.

శనివారం సాయంత్రం ఎడిటర్ నన్ను పిలిచాడు. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది, ఇక గుండ్రాల్లో అక్షరాలు అదే వేస్తుందన్నాడు.

“గుండ్రాలాయన్ని తీసేస్తే నీకేమైనా ఇబ్బందా?”

“నాకేం ఇబ్బందండీ? చూసి రాసేవాడేగా,” అన్నాను. ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

ఎడిటర్ టైపు చేయించిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. నెలాఖరు దాకా ఉద్యోగం, ఆ తర్వాత సెలవు. “నువ్వయితే దగ్గరివాడివి. నీ చేత్తోనే ఇవ్వు,” అన్నాడు. గుండ్రాలాయన కూతురు నర్సు చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. ఆయనకు అక్షరాలు రాయడం తప్ప ఇంకో పని రాదు. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసే కాగితాన్ని జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఆదివారం. వచ్చే వారం ఉపన్యాసానికి ఒక కాలేజీవాళ్లు నన్ను పిలిచి ఉన్నారు. ‘కథల్లో విలన్లు ఎందుకు గుర్తుండిపోతారు?’ అన్నది విషయం. ఇలాంటిది చెప్పడానికి నాకంటే అర్హుడెవడని పొంగిపోయి, ఉదయాన్నే అటక మీది అట్టపెట్టె దింపాను. అందులో నేను రాసిన ప్రతి వారం కాగితాల కార్బన్ కాపీ ఉంది. పాఠకులు మెచ్చుకున్న మాటలను నా సొంత దస్తూరిలో చూపించి పిల్లల చేత చప్పట్లు కొట్టించుకుందామని నా ఆశ. మొదట వెతికింది అందరూ చెప్పుకునే వాక్యం. పెద్దమనిషి గుమ్మంలో నిలబడి, “రేపు పొద్దున నిన్ను కలుస్తాను,” అంటాడు. అంతే, ఇంకేమీ అనడు. ఆ వారం మా పత్రిక రెండోసారి అచ్చు వేయాల్సి వచ్చింది.

కాగితం దొరికింది. అందులో, “రేపు పొద్దున నిన్ను కాలుస్తాను! హహహ!” అని ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ‘కా’ మీద దీర్ఘం బండరాయిలా కూర్చుని ఉంది. అచ్చులో అది లేదు. “వీడి దుంప తెగ, ఒక దీర్ఘం మింగేశాడు!” అని తిట్టుకుంటూ రెండో వాక్యం వెతికాను. అచ్చులో పెద్దమనిషి, “భోజనం చేశారా? చేయకపోతే చేసి రండి. నేను ఆగుతాను,” అంటాడు. నా కాగితంలో, “ఒరేయ్ ఉక్కుగద్దా! నీ రెక్కలు విరిచి మంటల్లో పారేస్తాను!” అని ఉంది. మూడోది చూశాను. అచ్చులో, “ఈ ఊరు నాకు చాలా నచ్చిందండీ.” నా కాగితంలో, “ఈ ఊరంతా నా కాళ్లకింద నలిగి చస్తుంది!”

నాలుగు, ఐదు, తొమ్మిది, పదిహేను. మధ్యాహ్నం దాకా నేల మీద కూర్చుని ఒక్కొక్కటే పోల్చి చూశాను. మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచింది, నాకు వినిపించలేదు. పెద్దమనిషి నోట వచ్చిన మంచి మాటల్లో ఒక్కటంటే ఒక్కటి నేను రాసింది కాదు. ఇన్నేళ్లూ చూసుకోలేదా అని మీరు అడగవచ్చు. చూశాను. ఎవరైనా బాగుందన్న ప్రతి వాక్యాన్నీ నేనే రాశాననుకోవడం నాకు అలవాటైపోయింది. అంత సిగ్గులేని మనిషినని ఆ రోజు దాకా నాకే తెలియదు.

చొక్కా వేసుకుని బయలుదేరాను. కాగితం జేబులోనే ఉంది. సంగతి అడగాలి, కాగితమూ ఇవ్వాలి. రెండూ మర్యాదగా కానివ్వాలని దారి పొడవునా అనుకున్నాను.

వాళ్లుండేది రెండో అంతస్తులో, తెర కట్టి రెండుగా చేసిన ఒకే గది. కిటికీ పక్క బల్ల, గాజుసీసాలో కుంచెలు. గోడ మీద మనిషి అస్థిపంజరం పటం. దానిలో ఎముక ఎముకకూ పేరు గుండ్రాలాయన రాసిందే, కూతురి కోసం. ఆయన కుంచెలు కడుగుతున్నాడు.

“బాగున్నారా అండీ?” అన్నాను.

ఆయన చేయి నీళ్లలోనే ఆగిపోయింది. “రండి సార్,” అన్నాడు. ఆయన భార్య కుర్చీ తుడిచి వేసి తెర వెనక్కి వెళ్లిపోయింది.

“మీరేమీ అనుకోకపోతే ఒక్క మాట అడుగుతానండీ. పెద్దమనిషి మాటలు మార్చింది మీరేనా?”

ఆయన చేతులు తుడుచుకుని బల్ల అంచున కూర్చున్నాడు. “మొదటిది పొరపాటే సార్. దీర్ఘం జారిపోయింది, హహహకి గుండ్రంలో చోటు చాల్లేదు. అచ్చయి వచ్చాక చూసుకున్నాను. చూసి నాకే ఒళ్లు జలదరించింది.”

“తర్వాతవి?”

“గుండ్రంలో పట్టేవి కాదు సార్. మీరు ఆరు వరుసలు రాస్తారు, ఆర్టిస్టుగారు మూడు వరుసలకి చోటిస్తారు. ఉక్కుగద్ద మాటలైతే ఎడిటర్‌గారు అక్షరం అక్షరం చూస్తారు, పిల్లలకి నీతి గదా. వీడి మాటలు ఎవరూ దిద్దరు.”

“పట్టకపోతే కుదిస్తారు, సరే. కానీ ఆ మర్యాద ఎక్కడిదండీ? అలా మాట్లాడేవాణ్ణి మీరు ఎక్కడ చూశారు?”

తెర వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“నేనే సార్,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“ఇరవై మూడేళ్లప్పుడు నూలు మిల్లులో గుమస్తాగా చేరాను. దస్తూరి బాగుంటుందని తీసుకున్నారు. ఆర్నెల్లకి మిల్లులో సగం మందిని తీసేయాలనుకున్నారు. నలభై ఒక్క మందికి కాగితాలు నా చేత రాయించారు. ‘రాసినవాడివి నువ్వే పంచు, నీకు మాట మెత్తన’ అన్నారు మేనేజరు. అక్కడి మేస్త్రీ పొద్దస్తమానం బూతులు తిట్టేవాడు సార్. వాణ్ణి ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు, వెనక నవ్వుకునేవాళ్లు. నేను మాత్రం, పాపం బాధపడతారు గదా అని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ‘అండీ’ అనేవాణ్ణి. ‘భోజనం చేశారా అండీ?’ అని అడిగి, తిన్నామన్నాక కాగితం చేతిలో పెట్టేవాణ్ణి. రెండు రోజులయ్యేసరికి నేను నడిచి వస్తుంటే మరలు ఆపేసి తలలు దించుకునేవాళ్లు. మూడో రోజు ఒకావిణ్ణి భోజనం చేశారా అని అడిగాను. ఇంకా కాగితం తియ్యనేలేదు. గొల్లుమని ఏడ్చేసింది సార్. భోజనం అన్న మాటకి.”

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

“నలభై ఒకటోది మా నాన్నది,” అన్నాడు.

“మీ నాన్నగారిదా?”

“అదే మిల్లు సార్, నూలు బేళ్లు కట్టే చోట. ఇంట్లో ఇస్తే బాగోదని అక్కడికే వెళ్లాను. అందరికీ అన్నట్టే, నోరు అలవాటు పడిపోయి, ‘మీరు భోజనం చేశారా అండీ?’ అనేశాను. మా నాన్నని! పుట్టినప్పట్నుంచి నేను ‘నువ్వు’ అనే మా నాన్నని! ఆయన నా మొహంలోకి అలా చూసి, ‘చేశానండీ’ అని చెయ్యి చాపాడు.” గుండ్రాలాయన తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు. “ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు సార్. నన్ను మళ్లీ ‘ఒరేయ్’ అనలేదు. ఒక్క ఇంట్లో, ఒక్క గదిలో ఉండి, పోయేదాకా నన్ను ‘మీరు’ అన్నాడు. ‘మంచినీళ్లు ఇస్తారా అండీ?’ అనేవాడు. ఆఖరి మాట కూడా అదే.”

పిల్లలు పేజీ తిప్పడానికి ఎందుకు భయపడ్డారో అప్పుడు తెలిసింది. నేను విలన్‌కు కోరలు పెట్టాలని చూశాను. ఈయన వాడికి తన సొంత గొంతు ఇచ్చాడు. అలాంటి మనిషిని ‘చూసి రాసేవాడేగా’ అన్నాను నేను, ఈ నోటితోనే. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

“కాగితం తెచ్చారా సార్?” అని అడిగాడు గుండ్రాలాయన.

“ఏ... ఏ కాగితమండీ?”

“ఇరవై రెండేళ్లలో మీరు నన్ను ఒక్కసారైనా ‘అండీ’ అన్నారా సార్? ఇవాళ గుమ్మంలో అడుగుపెడుతూనే అన్నారు. కంప్యూటర్ వచ్చిందని ప్యూన్ చెప్పాడు. మీ నోట ‘అండీ’ విన్నాక ఇంక అనుమానం లేదు.” లేచి నా ముందుకు వచ్చి చెయ్యి చాపాడు. “ఇవ్వండి. కానీ తిట్టి ఇవ్వండి సార్. రోజూ తిట్టినట్టే తిట్టి ఇవ్వండి. మీరు తిట్టారనుకుని నాలుగు రోజులు బాధపడి మరిచిపోతాను. ఇలా ఇస్తే నావల్ల కాదు.”

నోరు తెరిచాను. తిట్టడానికి నేను ఏనాడూ మాటలు వెతుక్కున్నవాణ్ణి కాను. ఆ రోజు ఒక్కటీ రాలేదు. తెర కింద ఆయన భార్య పాదాలు కదలకుండా ఉండటం చూస్తూ అలాగే కూర్చున్నాను. చివరికి లేచి, ఉన్న బలమంతా తెచ్చుకుని అరిచాను.

“కాగితమేంటోయ్, నీ మొహం! ఇరవై రెండేళ్లు నా వాక్యాలన్నీ తగలేసి, అడగడానికి వస్తే ఏవేవో ఊహించుకుని నన్ను విలన్‌ని చేస్తావా? రేపు పదిగంటలకి ఆఫీసులో కనబడకపోతే నీ తాట తీస్తాను!”

ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. తెర వైపు తిరిగి, “కోప్పడ్డారే! సార్ కోప్పడ్డారు!” అన్నాడు. లోపల ఆవిడ పెద్దగా ఏడవడం మెట్ల మీదికి కూడా వినిపించింది.

నేను చెప్పింది పచ్చి అబద్ధం. దాన్ని నిజం చేయాలంటే నాకు తెలిసిన దారి ఒక్కటే. ఇంటికి పోయి అట్టపెట్టె చంకనెత్తుకుని సరాసరి ఎడిటర్ ఇంటికి వెళ్లాను. ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. జేబులోని కాగితాన్ని, నా కార్బన్ కాపీలను ఆయన ఒళ్లో పెట్టి, “పెద్దమనిషి మాటలు నావి కావండీ, ఒక్కటి కూడా. అన్నీ గుండ్రాలాయనవే,” అన్నాను.

ఆయన నాలుగు కాగితాలు చదివి కళ్లజోడు తీసేశాడు. నావైపు చూశాడు, మళ్లీ పెట్టుకుని ఇంకో నాలుగు చదివాడు. ఉద్యోగం తీసేసే కాగితాన్ని మడిచి ముక్కలు చేశాడు. “పొద్దున్నే ఆయన్ని నా దగ్గరికి పంపు. మాటలు రాసే పని గురించి మాట్లాడాలి,” అన్నాడు. నేను మెట్లు దిగబోతుంటే వెనక నుంచి పిలిచాడు.

“అయితే ఇన్నేళ్లూ నువ్వు రాసిందేంటోయ్?”

“ఉక్కుగద్ద మాటలండీ. అవి మాత్రం అక్షరం పొల్లుపోకుండా నావే.”

“ఏదీ, అందులో ఒక్కటి చెప్పు,” అన్నాడు.

చెప్పడానికి నోరు తెరిచాను. ఎంతసేపు నిలబడ్డా ఒక్కటీ గుర్తుకు రాలేదు.