క్యాంపు వచ్చేదాకా

మా బాబాయిని అందరూ గేటు బాబాయి అనేవారు. బడిలో అటెండరు. గంట కొట్టడం, నీళ్ల డ్రమ్ము నింపడం, గేటు తీయడం ఆయన పని. ఏడాదికోసారి విదేశం నుంచి డాక్టరు, నర్సు చదువులు చదివే పిల్లలు వచ్చి ఆ బడిలో ఉచితంగా క్యాంపు పెట్టేవారు. ఆ వారం బాబాయికి పట్టపగ్గాలుండేవి కావు. ఇస్త్రీ చొక్కా తొడిగి, గేటు పట్టుకుని, ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చేవాడు.

ఆ క్యాంపు మీద ఆయనకున్న నమ్మకం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎవరికి ఏ నొప్పి వచ్చినా, కాస్త ఓపిక పట్టండి, మనవాళ్లొస్తారు అనేవాడు. జనమూ అలాగే తయారయ్యారు. కంటి పొరలు, తగ్గని దగ్గులు, అన్నీ మూటగట్టి క్యాంపు కోసం దాచుకునేవారు. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి, పైగా అక్కడ కసురుతారు. ఇక్కడ నవ్వుతూ చెయ్యి పట్టుకుంటారు.

ఒకసారి క్యాంపు వెళ్లిన కొన్నాళ్లకే మా పిన్నికి రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని నోరు విప్పలేదు. తీరా చెబితే బాబాయి పాత పాటే పాడాడు. పెద్దాసుపత్రికి నేను తీసుకెళ్తానని పోరాను. అక్కడ మగ డాక్టర్లుంటారు, క్యాంపులోనైతే ఆడపిల్లలే చూస్తారని పిన్ని నన్నే సముదాయించింది. ఏడాది తిరిగినా క్యాంపు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ కబురు పెట్టలేదు.

మరుసటేడు వచ్చింది. గేటు బాబాయి భార్య అంటే అందరికంటే ముందు వెళ్లొచ్చు. సొంత మనిషిని ముందుకు తోశాడన్న మాట పడకూడదని ఆయన ఆవిణ్ణి వరస చివర నిలబెట్టాడు. ఎండలో అలా నిలబడ్డ పిన్నిని చూసి ఆయన మీద నాకు అసహ్యమే వేసింది.

ఆరో తరగతి గదిలో బల్లలు కలిపి, అడ్డంగా దుప్పటి కట్టారు. పిన్నిని చూసింది చదువింకా పూర్తికాని నర్సు పిల్ల. పొద్దుట్నుంచీ గలగలా నవ్విన పిల్ల, పిన్ని జాకెట్టు తీయగానే ఒక అడుగు వెనక్కి వేసింది. గడ్డ పుండై చంకదాకా పాకింది. ఆ పిల్ల దగ్గరున్నవి బీపీ మిషను, నొప్పి బిళ్లలు, బలానికి బిళ్లలు. పరుగున వెళ్లి తమతో వచ్చిన పెద్ద డాక్టరును తెచ్చింది. ఆయన చూసి, ఇక్కడ చేయగలిగిందేమీ లేదు, ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు. ఆ మాటలు బడి టీచరమ్మ మాకు తెలుగులో చెప్పింది.

నర్సు పిల్ల కళ్లనిండా నీళ్లతో ఏదో అడిగింది. టీచరమ్మ బాబాయి వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారని అడుగుతోంది."

బాబాయి గొంతులో కోపం లేదు. "మీ కోసమేనమ్మా. మీరొస్తారని."

టీచరమ్మ అది చెప్పగానే ఆ పిల్ల గోడవైపు తిరిగిపోయింది.

పెద్దాసుపత్రిలోనూ ఆలస్యమైందన్నారు. వానలు మొదలవకముందే పిన్ని పోయింది.

తర్వాతి క్యాంపుకి కొత్త పిల్లలొచ్చారు. బాబాయి అదే ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గర నిలబడ్డాడు. కానీ ఒక్కొక్కరినీ ఆపి ఆరా తీశాడు. జలుబులూ ఒళ్లు నొప్పులూ లోపలికి. గడ్డలు, రక్తం పడటం, తగ్గని దగ్గు అంటే మాత్రం రోడ్డవతలి బస్టాపు చూపించాడు. జనం శాపనార్థాలు పెట్టారు. వచ్చినవాళ్లను తరిమేస్తున్నాడని హెడ్మాస్టరు చివాట్లు పెట్టి, మర్నాడు గేటు దగ్గర వేరేవాణ్ణి పెట్టాడు.

బాబాయి వెళ్లి బస్టాపులో కూర్చున్నాడు. నేను ఆయనకి టీ తీసుకెళ్లేసరికి ఒక ముసలావిడ బస్సు దిగింది. మెడ కింద నిమ్మకాయంత గడ్డ. ఎన్నాళ్లయిందని ఆయన అడిగాడు.

"నిరుటి క్యాంపుకి ముందునుంచీ ఉంది నాయనా. అప్పుడు రాలేకపోయాను. నువ్వేగా, క్యాంపు వచ్చేదాకా ఆగమన్నావు? ఆగాను," అంది సంబరంగా.

బాబాయి ఆమె చేతిసంచీ అందుకున్నాడు. పెద్దాసుపత్రి వైపు వెళ్లే బస్సు రాగానే ఆమెను ఎక్కించి, వెనకే తనూ ఎక్కాడు.