ఓనరమ్మ చెప్పని కొలతలు

ఈ ఉదయం ఫ్రిజ్ తలుపు అరలోంచి రేకు డబ్బా తీస్తే, దాని మూత మీద జిడ్డుతో పడిన బొటనవేలి ముద్ర కనిపించింది. నా వేలు అంత వెడల్పు ఉండదు. మా ఇంటి ఓనరమ్మ పోయి ఈ రోజుకి పదకొండు రోజులు. అమెరికాలో, హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నాను.

డబ్బాలో ఉన్నది బేకన్, అంటే ఉప్పేసిన పందిమాంసం ముక్కలు, వేయించినప్పుడు దిగిన కొవ్వు. ఆవిడ దాన్ని పారబోసేవారు కాదు. వడగట్టి దాచి, శనివారం పొద్దున దానితో తెల్లటి గ్రేవీ చేసి వేడి బిస్కెట్ల మీద పోసుకునేవారు. ఇక్కడ బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేలాంటిది కాదు. ఉప్పగా, మెత్తగా, పొరలు పొరలుగా విడిపోయే చిన్న రొట్టె.

ఆవిడ కూతురు చాండ్లర్ అనే దూరపు ఊరి నుంచి వచ్చారు. ఈ రోజు పదకొండింటికి ఆవిడ కోసం చర్చిలో ప్రార్థన. దానికి ముందు ఇంట్లోవాళ్ళంతా అమ్మ బల్ల దగ్గర కూర్చుని అమ్మ గ్రేవీ తినాలని ఆమె కోరిక. అదీ అమ్మ డబ్బాలో మిగిలిన కొవ్వుతోనే.

"నాకు రాదు. అమ్మ పక్కన నిలబడింది నువ్వేగా," అన్నారు నిన్న.

నిలబడ్డాను. నేర్చుకోలేదు. నిన్న సాయంత్రం చేసి చూస్తే ఉండలు కట్టింది. డబ్బాలో ఇక ఒక్కసారికి సరిపడా ఉంది.

ఇందులో నా తప్పెంతో ఆవిడ తప్పూ అంతే. పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదేమో. కానీ పదకొండు రోజులుగా నాకు దుఃఖం కన్నా విసుగే ఎక్కువగా ఉంది.

మా కాన్వెంట్‌లో హోమ్ సైన్స్ రికార్డు ఉండేది. కొలతల గడి ఖాళీగా ఉంటే సిస్టర్ సంతకం పెట్టేవారు కాదు. ఆ అలవాటుతో మొదటి శనివారమే నోట్‌బుక్ పట్టుకుని పైకి వెళ్ళాను.

"పిండి ఎంత?"

"కొవ్వు ఎంత పీల్చుకుంటే అంత."

"కొవ్వు ఎంత?"

"తినేవాళ్ళని బట్టి, హనీ."

"ఒక్కరికైతే?"

"ఆకలేసిన ఒక్కరికా, డాక్టర్ మాట వినే ఒక్కరికా?"

ఆవిడ నా చేతిలో చెక్క గరిటె పెట్టారు. "రాయడం ఆపి ఇది తిప్పు. చిక్కబడితే గరిటే చెప్తుంది."

గరిటె నాకేమీ చెప్పలేదు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. పిండి, ఖాళీ. పాలు, ఖాళీ. రంగు: తడిసిన అట్టపెట్టె. ఆవిడ ఖచ్చితంగా చెప్పింది అదొక్కటే.

"నీకు పప్పే సక్కగ రాదు, మళ్ళ గ్రేవీ ట్రైనింగ్ ఎందుకే?" అని ఆఫీసులో నా స్నేహితురాలు ఏడిపించేది. నలుగురిలో నాకు మాట పెగలదు. ఆవిడ పొయ్యి దగ్గర మాట్లాడాల్సిన పని ఉండేది కాదు. పక్కన నిలబడితే చాలు, ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చేవారు.

ఒక చలికాలం ఆవిడ మణికట్టు బెణికింది. కుర్చీలో కూర్చుని నా చేత గ్రేవీ చేయించారు. మైదా అయిపోయింది. పిండి పిండేగా అనుకుని, కిందకి వెళ్ళి నా చపాతీ పిండి తెచ్చి పోశాను. మట్టిరంగు జిగురు తయారైంది. ఆవిడ ఒక చెంచా తిని చాలాసేపు నమిలారు.

"దీంతో హాల్లో గోడలకి వాల్‌పేపర్ అంటించొచ్చు," అన్నారు.

"పారేస్తానండీ."

"నా పళ్ళెం ముట్టుకోకు." మొత్తం తిన్నారు. గీరి మరీ తిన్నారు.

బాగాలేదంటే బాగాలేదని చెప్పరు. నొప్పి అయినా అంతే. ఈ మార్చిలో మెట్ల మీద కూర్చుండిపోతే ఆస్పత్రికి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. నొప్పి ఒకటి నుంచి పదిలో ఎంత అని నర్స్ అడిగారు.

"ఉండాల్సినంత ఉంది," అన్నారు ఆవిడ.

"నంబర్ చెప్పాలి, మేడమ్."

"నన్ను వంటప్పుడే ఎవరూ నంబర్ చెప్పించలేకపోయారు. ఈ పిల్లనడుగు."

నర్స్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ నొప్పి కనీసం ఆరు నెలలుగా ఉండి ఉంటుందని డాక్టర్ తర్వాత చెప్పారు. ఆరు నెలలంటే ఎన్ని శనివారాలు! అన్ని శనివారాలూ పక్కనే నిలబడి, కొవ్వు ఎంత, పాలు ఎంత అని అడిగాను. ఎలా ఉన్నారని అడిగితే "బానే ఉన్నా హనీ, పాలు పొయ్యి" అన్నారు. నేను పాలు పోశాను. ఆస్పత్రికి వెళ్ళిన మూడు వారాల్లో పోయారు.

ఈ ఉదయం ఆరున్నరకి ఇనుప పెనం పొయ్యి మీద పెట్టాను. డబ్బా అడుగు దాకా గీకి వేశాను. మైదా చల్లి తిప్పాను. అట్టపెట్టె రంగు వచ్చింది. పాలు కొంచెం కొంచెంగా పోశాను. "తొందర నీది, పాలది కాదు," అనేవారు ఆవిడ. నిన్న సాయంత్రం తొందరపడ్డాను. ఈసారి పడలేదు. కాసేపటికి గరిటె బరువెక్కింది. మంట తీసేసి, మిరియాల పొడి, ఉప్పు వేశాను. ఉండలు లేవు.

కూతురు ముందుగా వచ్చి కూర్చున్నారు. బిస్కెట్ విరిచి, గ్రేవీ పోసుకుని ఒక ముక్క తిన్నారు. కళ్ళు మూసుకుని ఇంకో ముక్క తిన్నారు.

"అమ్మది ఇంకాస్త ఉప్పగా ఉండేదా? లేక ఇంతేనా? నేనిది తిని ఆరేడేళ్ళవుతోంది, నాకు గుర్తు రావట్లేదు," అన్నారు. "ప్రతి శనివారం నువ్విక్కడే ఉన్నావు. నువ్వు చెప్పు. ఇదేనా?"

రంగు అదే. గరిటె మీంచి జారే తీరూ అదే. అంతవరకే చెప్పగలిగాను. రుచి నాకు తెలియదు. నేను మాంసం తినను. నాలుగేళ్ళలో ఆ గ్రేవీ ఒక్కసారి కూడా నోట్లో పెట్టుకోలేదు. నాకోసం ఆవిడ ప్రతి శనివారం రెండు బిస్కెట్లు వేరే ట్రేలో, ఆ కొవ్వుకి బదులు వెన్నతో చేసి, గిన్నె మూత పెట్టి ఉంచేవారు.