మా ఆయన కాచిన సబ్బునీళ్లు

ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయన తన తువ్వాలు తాను ఉతుక్కోవడం నేను చూడలేదు. అలాంటి మనిషి ఉద్యోగం ముగిసి ఇంట్లో కూర్చున్న రెండో నెలలోనే బట్టలు ఎలా ఉతకాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు.

ఫోనులో ఎవరో వీడియో పెట్టారట. అంగడి పొడులన్నీ విషమట. అలిపిరి దగ్గర మా ఇంటి వంటగదిలో, నేను పులుసు కాచే పెద్ద గిన్నెలో కుంకుడుకాయలు ఉడకబెట్టాడు. కొబ్బరి తురిమే పీట మీద సబ్బుబిళ్లలు తురిమి, గుప్పెళ్లతో సోడా పోసి కలిపాడు. చల్లారేసరికి అది మాడిన రాగిజావలా చిక్కబడింది. దాన్ని సీసాలకెత్తి అలమరలో వరసగా పెట్టుకున్నాడు. గిన్నె తోమింది నేను.

"సూడు, ఒక్క మూత పోస్తే బకెట్టుడు బట్టలు తెల్లగా అయిపోతాయి."

"ఈ బోరునీళ్లకు సబ్బు నురగే రాదు గదా?"

"నీకేం తెలుసు? ఇది సైన్సు."

ఇరవై ఏళ్లుగా ఆ బోరునీళ్లతోనే, బండ మీదా వాషింగ్ మిషన్‌లోనూ ఉతుకుతున్న నాకు ఏమీ తెలియదు! వారం తిరక్కుండానే తువ్వాళ్లు అట్టల్లా బిగుసుకున్నాయి. పంచెలు బూడిదరంగుకు తిరిగాయి. నేను సరిగా జాడించలేదని ఆయన తేల్చేశాడు.

ఆ ఆదివారం బంగారుపాళ్యం నుంచి ఆయన అక్క వచ్చింది. మామిడితోటల్లో పని చేసి చేసి కాయలు కాచిన చేతులు మా వదినవి. ఆమె చేతికి సీసా ఇచ్చి, మామిడి సొన మరకలు కూడా దీనికి ఆగవన్నాడు. ఆమె మూత తీసి వాసన చూసింది. మామిడికాయలు మూటగట్టి తెచ్చిన తెల్లపంచె విప్పి ఆయన ముందు పడేసింది.

"ఇదో, సొన మరకలు. ఉతికి సూపీ."

"నేనా?"

"సబ్బు చేసినోడివి నువ్వు గదా. యాడ ఉండాది మీ బండ?"

ఆయన నావైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

బండ దగ్గర గొంతుక్కూర్చోవడమే ఆయనకు చేతకాలేదు. సగం సీసా ఒంపాడు. మరక ఒకచోట ఉంటే ఇంకోచోట రుద్దాడు. పిండేటప్పుడు పంచె రెండు చివరలనూ ఒకే వైపు తిప్పాడు. గుడ్డ గిరగిరా తిరిగింది కానీ చుక్క నీరు కారలేదు. అరవై ఏళ్ల మనిషి! నాకు అసహ్యం వేసింది. దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

సొన మరకలు అలాగే ఉన్నాయి. చుట్టూ కుంకుడు రసం పసుప్పచ్చగా పాకింది.

"నీళ్లు మంచివి గాదక్కా."

"నీళ్లేం జేసినాయిరా? నీకు గుడ్డ పిండేది గూడా రాదు. అమ్మ నీ గుడ్డలు నాతో ఉతికించె. ఆపైన ఈ పిల్ల వచ్చి ఉతికె. అందరం కలిసి నిన్ను చెడగొట్టినాం."

ఆ 'అందరం'లో నేనూ ఉన్నాను. ఆయన బనీన్లు ఉతికి, ఆరేసి, మడిచి బీరువాలో పెట్టిన చేతులు ఇవే. ఆ పని ఎవరు చేస్తున్నారో చూడాల్సిన అవసరం కూడా ఆయనకు రానివ్వలేదు. ఆ క్షణాన నా మీద నాకే చులకన కలిగింది.

మర్నాటి నుంచి ఆయన బట్టలు నేను ముట్టలేదు. నాలుగు రోజులు మూలన కుప్ప పెరిగింది. ఐదోరోజు అంగడికి పోయి సబ్బుపొడి పొట్లం కొనుక్కొచ్చాడు. వాషింగ్ మిషన్ ముందు నిలబడి, "ఏది నొక్కాల?" అని అడిగాడు.

చెప్పాను. ఒక్కసారే చెప్పాను.