తువాలు కింద ధర

గ్రంథాలయంలో కంప్యూటర్ పుస్తకాలు పట్టుబట్టి చదివాను. ఇంటర్నెట్ వ్యాపారం వస్తే దళారీ అవసరం ఉండదని వాటిలో ఉంది. ఆ చదువు చదివే దళారీ కూతురి సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె తిరువూరులో మామిడి కమీషన్ వ్యాపారి గారి అమ్మాయి. యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతూ, సెలవుల్లో గ్రంథాలయానికి వచ్చేది. "తప్పనుకోకండి" అనకుండా ఏ మాటా మొదలుపెట్టేది కాదు. "తప్పనుకోకండి, ఫ్యాను వేయొచ్చాండీ?" అని అడిగేది.

రెడ్డిగూడెం తోటల కాయను ఇంటర్నెట్‌లో అమ్మే పద్ధతి తయారుచేయడం ఆమె ప్రాజెక్టు. బేరం గుట్టు వాళ్ల నాన్నగారే చెప్పారు. చేతులకు తువాలు కప్పి, దాని కింద కొనేవాడి వేళ్లు నొక్కి ధర తేలుస్తారు. పక్కనే ఉన్న రైతుకు తెలియదు. ఆమె ఆ ధరను అందరికీ కనపడేలా తెర మీద పెట్టింది.

నెట్ సెంటర్లో ఆయనకు చూపించిన రోజు నేనూ ఉన్నాను.

"ఇది రైతుక్కూడా కనపడుద్దా అమ్మా?"

"ముందు రైతుకే నాన్నా."

"మరి ఇందులో నేనెక్కడున్నానే?"

ఆమె తల వంచుకుంది. ఆయనే, "సర్లే, మార్కులు బాగా వేస్తారా?" అన్నారు.

"ప్రాజెక్టు రిపోర్టు కృతజ్ఞతల్లో నీ పేరే ముందు రాస్తా నాన్నా."

"వద్దే తల్లీ! గుట్టు చెప్పింది నేనని తెలిస్తే మార్కెట్ యార్డులో నన్ను బతకనిస్తారా?"

ఆయన వెళ్లాక ఆమె కళ్లు తుడుచుకుంటూ, "తిట్టినా బాగుండేదండీ" అంది.

ఇది రాయమన్న లైబ్రేరియన్ సుగుణ గారికి, మరచిన సంగతులు గుర్తుచేసిన నెట్ సెంటర్ ప్రసాదు గారికి కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువ సాయం చేసిన ఆయన పేరు నేనూ రాయడం లేదు.