లారీ అద్దం పట్టుకుని శుక్రుడి కోసం

2012 జూన్ అయిదో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకి సాలూరులో బస్సెక్కాను. సంచిలో ఒక జత బట్టలు, పెన్సిలు, చుట్టిన చార్టు కాగితం, తువ్వాల్లో భద్రంగా పెట్టిన లారీ అద్దం ముక్క. మా ఊళ్ళో సగం జనం లారీల మీదే బతుకుతారు. నేనూ అంతే, లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాని. సెలవడిగితే మా ఓనరు "ఎవరికి బాగోలేదేటి?" అన్నాడు. శుక్రుణ్ణి చూడ్డానికి వెళ్తున్నానంటే ఎగాదిగా చూసి, "నీకే బాగోనట్టుంది, రెండ్రోజులు పో" అన్నాడు.

సంగతేమిటంటే, మర్నాడు పొద్దున్న శుక్రగ్రహం సరిగ్గా సూర్యుడికీ మనకీ మధ్యగా దాటుతుంది. సూర్యబింబం మీద ఒక నల్లచుక్క నెమ్మదిగా నడిచి వెళ్ళిపోతుంది. ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి అలా జరిగింది. ఈసారి తప్పితే మళ్ళీ నూటఅయిదేళ్ళకి గాని రాదు. అప్పటికి నేనుండను, మా సుగుణమ్మ టీచరూ ఉండరు. ఆవిడకి అది చూపించి తీరాలని పట్టుబట్టి బయల్దేరాను.

ఏడో తరగతిలో ఆవిడ నల్లబల్ల మీద సూర్యుణ్ణి గీసి, గ్రహాలన్నీ దాని చుట్టూ ఎలా తిరుగుతాయో చెప్పారు. నేను లేచి, "తిరగడం మీరు సూసినారా టీచర్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "లేదురా. పుస్తకంలో సదివాను, సెప్తన్నాను" అన్నారు. రిటైరై శ్రీకాకుళంలో చెల్లెలి దగ్గర ఉంటున్నా, నేను కనిపించినప్పుడల్లా ఆ మాట ఎత్తుతారు. "ముప్పై ఏళ్ళు సూడకుండానే సెప్పేసినానురా" అని. ఆ ప్రశ్న అడిగినందుకు నాకు ప్రతిసారీ సిగ్గేసేది.

ఇప్పుడు ఆవిడకి కళ్ళలో ఒత్తిడి జబ్బు. చూపు చుట్టూ మూసుకుపోయి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది. ఏ అద్దం అడ్డం పెట్టుకునైనా సరే, సూర్యుడి వైపు చూడొద్దని కంటి డాక్టరు గట్టిగా చెప్పాడు. పేపర్లో ఒక ఉపాయం చదివాను. చిల్లు పెట్టిన కాగితం అద్దానికి అంటించి ఎండలో పెట్టి, ఆ వెలుగుని చీకటి గదిలో దూరపు గోడ మీదికి మళ్ళిస్తే, సూర్యబింబం గోడ మీద పడుతుంది. సూర్యుడికి వీపు పెట్టి సూర్యుణ్ణి చూడొచ్చు. గోడ ఎంత దూరమైతే బింబం అంత పెద్దది. టీచరు వెళ్ళే బాప్టిస్టు చర్చి హాలు పొడుగ్గా ఉంటుంది. పాస్టరు గారిని ఆవిడే ఒప్పించారు.

గజపతినగరం దాటాక మబ్బు పట్టింది. మూడున్నరకి విజయనగరంలో దిగి, స్టేషను బయట బజ్జీలు తిని టీ తాగాను. నాలుగున్నరకి పాసింజరు. టిక్కెట్టు చవకే, కూర్చోడానికి చోటు దొరకడమే కష్టం. చీపురుపల్లిలో ఒక పెద్దాయన మామిడిపళ్ళ గంపతో ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకున్న నా పక్కన సర్దుకున్నాడు.

"ఏటి బాబూ, అంత జాగర్తగా పట్టుకున్నావు?"

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "సుక్రుడు మూఢంలో ఉన్నాడు కదా. మా మేనకోడలి పెళ్ళి అందుకే ఆగిపోనాది. కనపడనోణ్ణి ఎలా సూస్తావు?"

"మూఢమంటే అదే కదా మావా. సూరీడి దగ్గరకెల్లిపోయి ఆ ఎలుగులో కనపడడు. ఎప్పుడూ కాస్త పైనుంచో కిందనుంచో పోతాడు. రేపు మాత్రం సూరీడి మొహమ్మీదినుంచే నడుస్తాడు."

ఆయన గంపలో చెయ్యి పెట్టి, "అయితే నీ ఒక్కడికే మూఢంలో ముహూర్తం దొరికినాది" అని రెండు పళ్ళు చేతిలో పెట్టాడు.

ఆరు దాటాక శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాను. పేరు చూసి మోసపోకండి, ఊరికి ఇంకా బస్సో ఆటోనో పట్టాలి. ఊరి పక్కనే సూర్యుడి గుడి ఉన్న అరసవల్లిలో లాడ్జీలు శనాదివారాలు దొరకవు గాని ఆ రోజు మంగళవారం, గది సులువుగానే ఇచ్చారు. కౌంటరు దగ్గరాయన "సూర్యనారాయణమూర్తి దర్శనానికా?" అన్నాడు. "ఆయన్ని సూడ్డానికే, కాపోతే సర్చిలో" అన్నాను. ఆయన గబుక్కున తాళం చెవి ఇచ్చేశాడు. భోజనం చేసి తొమ్మిదింటికే పడుకున్నాను.

నాలుగున్నరకి లేచి చూస్తే ఆకాశం నిండా మబ్బే. అయినా స్నానం చేసి ఆటో ఎక్కాను. అయిదుంబావుకి చర్చి దగ్గర దిగేసరికి టీచరు గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తెల్లచీర, నల్ల కళ్ళద్దాలు. కాపలా చూసే దానియేలు అప్పటికే కిటికీలకి దుప్పట్లు కడుతున్నాడు.

"మబ్బుంది టీచర్," అన్నాను.

"ఉంటే ఉంటాది. పది దాటేదాకా సుక్రుడు అక్కడే ఉంటాడు. మనమూ ఉందాం."

ఆరుంబావుకి ఎండొచ్చింది. ఉత్తరం వాకిలి బయట నలభై అడుగుల దూరంలో స్టూలు వేసి, అద్దం మీద పెసరగింజంత చిల్లున్న కాగితం అంటించి, వెలుగుని హాల్లోకి తిప్పాను. దూరపు గోడ మీద పాలిపోయిన మరక ఒకటి పరుచుకుంది. బింబం లేదు, చుక్క లేదు. చిల్లు చిన్నది చేశాను. మరక ఇంకా వెలవెలబోయింది. మూడుసార్లు కాగితం మార్చాను. ఏడు కావస్తోంది. చొక్కా చెమటకి తడిసిపోయింది. ఇంత దూరం వచ్చి ఆవిడకి గోడ మీద మరక చూపించి పంపుతానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

టీచరు గారు గోడ పట్టుకుని బయటికొచ్చారు. "ఆ అద్దం ఇలాగియ్యి" అని తీసుకుని, కాగితం పీకేసి, బొటనవేలితో ఈ చివర్నుంచి ఆ చివరికి తడిమారు.

"ఒరే అప్పలరాజూ, ఇది మద్దెలో ఉబ్బుగా ఉన్నాది. ఏ అద్దంరా ఇది?"

"లారీ సైడద్దం టీచర్."

అనేశాక నాలిక్కరుచుకున్నాను. సైడద్దం ఉబ్బుగా ఉంటుందని, అందుకే వెనక బండి చిన్నగా, దూరంగా ఉన్నట్టు కనిపిస్తుందని, దగ్గరగానే ఉంటుంది జాగ్రత్త అని కొత్త క్లీనర్లకి రోజూ చెప్పేది నేనే. ఉబ్బద్దం వెలుగుని చెదరగొట్టేస్తుంది. షెడ్డులో దొరికిందే మంచిదనుకుని అదే తెచ్చాను.

"సదునుగా ఉండే అద్దం కావాల," అన్నారావిడ.

దానియేలు వరండా స్తంభం వైపు చూపించాడు. ఎర్ర ప్లాస్టిక్కు చట్రంలో అతని గెడ్డం గీసుకునే అద్దం. గంటన్నర నుంచీ దాని పక్కనే తిరుగుతున్నాను. చేతిలో వెన్న పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరగడమంటే ఇదే.

చిల్లు కాగితం దానికి అంటించి తిప్పితే, ఏడూ ఇరవైకి గోడ మీద టిఫిన్ ప్లేటంత సూర్యుడు గుండ్రంగా వెలిగాడు. అందులో కందిగింజంత నల్లచుక్క. నేను చూపించబోతే ఆవిడ నా చెయ్యి తోసేశారు.

"సెప్పకు. నేనే ఎతుక్కుంటాను."

ఉన్న కాస్త చూపునీ బింబం అంచునుంచి కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వచ్చారు. తల ఒకచోట ఆగింది. వేలు వెళ్ళి చుక్క మీద ఆనింది.

"ఇదే కదరా," అన్నారు. "అదే టీచర్," అన్నాను.

చార్టు కాగితం గోడకి అంటించి, బింబం కొలతకి గుండ్రం గీశాం. సూర్యుడు ఆగడు కాబట్టి బింబం జరిగిపోతూ ఉంటుంది. దానియేలు అద్దం తిప్పుతూ దాన్ని గుండ్రంలోకి తెచ్చేవాడు, టీచరు చుక్క దగ్గర పెన్సిలు పెట్టేవారు. ఎనిమిదింటికి పాస్టరు గారొచ్చి, "ఇది సందమావంత ఉంటాదామ్మా?" అన్నారు.

"దగ్గరదగ్గర మన భూమంత ఉంటాదండి. దూరాన ఉన్నాది గనక ఇంత కనపడతన్నాది. సూరీడు దీనికెనకాల ఇంకా శానా దూరం. అయినా సూడండి ఎంతున్నాడో." ఆ గొంతు నేను ఏడో తరగతిలో విన్నదే.

మబ్బు రెండుసార్లు మింగేసింది. రెండుసార్లూ ఎవరం కదల్లేదు. పదింటికి చుక్క అంచుకి తగిలింది. మరో ఇరవై నిమిషాలకి చుక్క జారిపోయి బింబం మళ్ళీ నిండుగా అయిపోయింది. కాగితం మీద ఏడు చుక్కలు ఒకే వరసలో మిగిలాయి. నేను కిటికీల దుప్పట్లు మడతపెడుతుంటే టీచరు పెన్సిలు మళ్ళీ అడిగి తీసుకున్నారు. తర్వాత చార్టు చుట్టి నా చేతిలో పెట్టి, "బండి తప్పిపోతాది, ఎల్లు" అన్నారు.

మధ్యాహ్నం శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కాను. ఈసారి కిటికీ దగ్గర సీటు దొరికింది. తెల్లవారుజామున లేచిన ఒళ్ళు తూలుతోంది గాని మనసు తేలిగ్గా ఉంది. ఇలాంటి పనికి ఎవరైనా బయల్దేరితే నేను చెప్పేది ఒక్కటే, అద్దాన్ని ముందు వేలితో తడిమి చూసుకోండి. ఎదురు సీట్లో ఒకావిడ "ఆ కాయితం ఏటి బాబూ?" అంటే చూపిద్దామని విప్పాను.

ఏడు చుక్కల కింద అక్షరాలున్నాయి. వరస తప్పి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. కూడబలుక్కుని చదివాను.

"ఏడో తరగతి. అప్పలరాజు ప్రశ్నకు జవాబు: చూశాను."