మునుంలో కొత్తవాళ్లు

మా కొట్టంలో మొదట ఎద్దులుండేవి. ఎద్దులను అమ్మేసి ట్రాక్టరును కిరాయికి పిలవడం మొదలుపెట్టాక కట్టెలు, పాత కుండలు, ఒక విరిగిన నాగలి ఉండేవి. ఆ తర్వాత బెంగాలు నుంచి వచ్చిన మనుషులున్నారు. వాళ్లను లోపలికి రమ్మన్నది నేనే. అందుకు మా యారాలు, నా మరిది భార్య, చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మాది అమరచింతకు దగ్గరలో ఉన్న ఊరు. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో ఊళ్లో వరి అంటే బావుల కింద నాలుగు మడులే. మిగతాదంతా జొన్న, కంది, ఆముదం. ఆ పంట ఇల్లు చేరగానే మూట కట్టుకుని మేస్త్రీ వెంట బొంబాయి పోయేవాళ్లం. అక్కడ మేం కట్టే మేడల కిందనే రేకులు వాల్చుకుని ఉండేవాళ్లం. వాన పడితే నీళ్లు లోపలికి వచ్చేవి. ఒకసారి అలాంటి వానలో, ఎదురు సందులో వడలు అమ్మే ఒకామె తన ఇంటి వరండా తలుపు తీసి మమ్మల్ని రమ్మని చెయ్యి ఊపింది. ఆమె భాష మాకు రాదు. మా భాష ఆమెకు రాదు. మా బిడ్డ తల తుడిచి, మిగిలిన వడలు ముందు పెట్టింది. ఆ వడల్లో కారం ఎక్కువ. బిడ్డ ఏడుస్తూనే తిన్నది.

తర్వాత మా ఊరికి కాలువ వచ్చింది. మేమూ తిరిగి వచ్చాం. బొంబాయి నుంచి నేను తెచ్చుకున్నది రెండు స్టీలు బిందెలు, పని నడిచేంత హిందీ.

నీళ్లు వచ్చాక ఊరంతా వరి అయింది. ఆడవాళ్లం ఒక జట్టు కట్టుకున్నాం. నాట్ల కాలంలో మాకు తీరిక ఉండేది కాదు. మా పనికి ఒక పద్ధతి ఉంది. దాన్ని మునుం అంటాం. మడిలో పక్కపక్కన నిలబడి, ఎవరి ముందున్న సన్నని పట్టెను వాళ్లు నాటుకుంటూ, వంగి వెనక్కి నడుస్తాం. అందరం కలిసి ఒడ్డుకు చేరాలి. ఒకామెకు నడుం నొప్పి ఉండొచ్చు, ఒకామె పాలిచ్చి ఆలస్యంగా రావొచ్చు. ఆమె వెనకబడితే పక్కనున్న ఆమె తన చేతిని కాస్త చాచి ఆ పట్టెలోనూ నాటుతుంది. అడగడం ఉండదు, చెప్పడం ఉండదు. మునుంలో ఒక మనిషిని వదిలి ఒడ్డెక్కిన జట్టును మా దగ్గర జట్టు అనరు.

ఒక ఏడు వానాకాలంలో బెంగాలీలు వచ్చారు. అంతకుముందే గద్వాల వైపు నాట్లు వేస్తున్నారని విన్నాం. అందరూ మగవాళ్లే. మడికి తాడు కట్టి, ఒక్కొక్కరికి ఒక్కో పట్టె పంచుకుని, మిషనులాగా నాటుతారని చెప్పుకున్నారు. ఎకరాకింత అని గుత్తకు తీసుకుంటారు. నారు వాళ్లే పీకుకుంటారు, కట్టలు వాళ్లే మోసుకుంటారు. మాకేమో రోజు కూలి. రైతులకు వాళ్లే నచ్చారు. మా ఊరి పెద్ద రైతు కూడా వాళ్లనే పిలిపించాడు. ఊళ్లో ఎక్కువ పొలం ఆయనదే. ఆయన మడులు పోతే మా జట్టుకు ఆ కాలంలో పని ఉండదు. జట్టు విరిగితే మళ్లీ బొంబాయి రేకులే గతి అని మాలో అందరికీ తెలుసు.

పెద్ద రైతు వాళ్లను తన ట్రాక్టరు షెడ్డులో ఉంచాడు. ఎరువు సంచుల పక్కన పడుకున్నారు. రెండో రోజు సాయంత్రం గట్టి వాన పడి షెడ్డు లోపలికి నీళ్లు వచ్చాయి. నేను బర్రెను కట్టేసి వస్తుంటే వాళ్లు బియ్యం సంచులు నెత్తి మీద పెట్టుకుని షెడ్డు చూరు కింద వరుసగా నిలబడి ఉన్నారు. పొయ్యి ఆరిపోయింది. వాళ్లలో ఒక ముసలాయన ఉన్నాడు. మిగతావాళ్లు ఆయనను మధ్యలో నిలబెట్టుకున్నారు. నేను ఏమీ ఆలోచించలేదు. "మా కొట్టం ఉంది, రండి" అని హిందీలో అన్నాను. అన్న తర్వాత ఆలోచించాను.

పొద్దున యారాలు వచ్చి వాకిట్లోనే నిలబడింది. జట్టులో అందరికంటే వేగంగా నాటే చెయ్యి ఆమెది, అందరికంటే వేగంగా నడిచే నోరు కూడా ఆమెదే.

"ఏందక్కా గిట్ల జేస్తివి? మన బువ్వ గుంజుకునేటోళ్లకు నీ ఇంట్ల పొయ్యి వెడ్తివా?"

"వానల నిలవడిండ్రు. ఏం జెయ్యమంటవు?"

"నానితె నాననియ్యి. ఉప్పు బస్తాలా, కరిగిపోనీకి?"

నాకు నవ్వు వచ్చింది. నవ్వినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

కొట్టం మారిపోయింది. వాళ్లు గోడలకు మట్టి మెత్తారు, కప్పు మీద పాత టార్పాలిన్ పట్టా కప్పారు, తాళ్లు కట్టి బట్టలు ఆరేశారు. మూడు పూటలా అన్నమే తినేవాళ్లు. నేను గౌరవం కొద్దీ వేడి జొన్నరొట్టెలు చేసి పంపితే తలా ఒక ముక్క తిని, చేతులు జోడించి, మళ్లీ అన్నం వండుకున్నారు. కాలువలో చేపలు పట్టి ఆవాలు నూరి వండితే మా వీధి పిల్లులన్నీ మా గోడ మీదికి చేరాయి.

వాళ్ల మేస్త్రీ ముప్పై ఏళ్ల మనిషి. నన్ను వరసకు చిన్నమ్మను చేసి మౌసీ అనేవాడు. ముసలాయన అతనికి మేనమామ. మేస్త్రీ తన భాషలో పది వరకు చదివాడట. అయినా వనపర్తి బస్టాండులో ఏ బస్సు ఎటు పోతుందో తెలియక, దొరికిన వాళ్లనల్లా అడిగి, ఒకసారి నాగర్‌కర్నూల్ దాకా పోయి వచ్చాడు. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. బొంబాయిలో బోర్డుల ముందు నేను నిలబడినట్టే అతను ఇక్కడ నిలబడ్డాడు. తర్వాతిసారి అతని వెంట పోయి బోర్డు చదివి బస్సు ఎక్కించాను. అంత సంతోషంగా నేను ఏ బోర్డునూ చదవలేదు.

ఒకరోజు పొయ్యి దగ్గర మాటల్లో అతను అన్న మాట నాకు గుచ్చుకుంది. గుత్త ఇంకాస్త పెంచమని అడిగితే పెద్ద రైతు, "మా ఊరి ఆడోళ్లు ఇంతకంటే తక్కువకే వస్తామంటున్నారు" అన్నాడట. మాకేమో ఆయన, "బెంగాలోళ్లు మీకంటే తక్కువకే చేస్తుండ్రు" అని చెప్పాడు. అంటే ఒకరిని చూపించి ఇంకొకరిని తగ్గిస్తున్నాడు. ఆ సంగతి మా వాళ్లకు చెప్తే నమ్మలేదు. కొట్టం కిరాయికి అమ్ముడుపోయానని యారాలు అన్నది.

అంతలో నారు ముదరసాగింది. కాలువ నీళ్ల వంతు అయిపోవస్తున్నది. పెద్ద రైతు కాలువ కింది పెద్ద మడిలోకి రెండు జట్లనూ ఒకే రోజు పిలిచాడు. గొడుగు పట్టుకుని ఒడ్డు మీద నిలబడి, నవ్వుతూనే తేల్చేశాడు.

"ఎవరు ముందు ఒడ్డెక్కుతె మిగిలిన పొలమంత వాళ్లకే."

ఆ మాటను మేస్త్రీకి హిందీలో చెప్పాల్సింది నేనే. చెప్పాను. అతను తల వంచుకుని తాడు కట్టడం మొదలుపెట్టాడు.

మడికి ఒక పక్క మేము, ఇంకో పక్క వాళ్లు. రెండు జట్లూ కలిసేచోట మా వైపు చివరి మనిషి యారాలు, వాళ్ల వైపు చివరి మనిషి ముసలాయన. మధ్యలో తాడు. బురదలో వేళ్లు దిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మగవాళ్లు నిజంగానే మిషనులాగా నాటుతున్నారు. మేము కూడా ఎన్నడూ నాటనంత జోరుగా నాటుతున్నాం. సగం మడి దాటేసరికి వాళ్లు మాకంటే కొంచెం ముందున్నారు, ముసలాయన తప్ప. ఆయన పట్టె ఒక నాలుకలాగా వెనక మిగిలిపోయింది. వాళ్ల పద్ధతిలో ఎవరి పట్టె వాళ్లదే.

అప్పుడు మేస్త్రీ గట్టిగా అరిచాడు. తలెత్తి చూస్తే యారాలు తాడు దాటి ముసలాయన పట్టెలో నాటుతున్నది. ఎప్పటి నుంచి నాటుతున్నదో తెలియదు. ఆమె పట్టెకు సమానంగా ఆయన పట్టె సగం నిండి ఉంది. ముసలాయన నారుకట్ట పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

మేస్త్రీ బురదలో పెద్ద పెద్ద అంగలు వేస్తూ వచ్చాడు. మా కొలతను మీలో కలుపుకుంటున్నారు, ఇది అన్యాయం మౌసీ అని నాతో అన్నాడు. ఒడ్డు మీది నుంచి పెద్ద రైతు కూడా, "తాడెందుకు దాటినవమ్మా?" అన్నాడు.

యారాలు తాడును అప్పుడే చూసినట్టు చూసింది. నిజంగానే అప్పుడే చూసింది. ఎన్నో ఏళ్లుగా పక్కన ఎవరు వెనకబడినా చెయ్యి దానంతట అదే పోతుంది. పోటీ అని మనసుకు తెలుసు, చేతికి తెలియలేదు. ముందు సిగ్గుపడింది. తర్వాత ఆ సిగ్గంతా మేస్త్రీ మీదికి కోపమై పోయింది.

"నీ కొలత నాకెందుకురా? పెద్దమనిషిని ఎనుకకిడిసి పోతుండ్రు గదా, మీకు సిగ్గులేదా? మునుంల మనిషి ఎనుకవడితె ఊకుంటరా ఎవరన్న? అక్కా, జెప్పు ఆనికి."

నేను హిందీలో చెప్పాను. తిట్లు వదిలేసి మిగతాది చెప్పాను. మునుం అంటే ఏమిటో చెప్పడానికి హిందీలో మాట దొరకలేదు. చేతులు చాచి, పక్కవాళ్ల భుజాలు తాకి, అందరం కలిసి వెనక్కి నడిచినట్టు చేసి చూపించాను. బురదలో కాలు జారి కూర్చుండిపోయాను. మా జట్టంతా నవ్వింది. ముసలాయన నవ్వాడు. ఆయన నవ్వితే మేస్త్రీకి కూడా తప్పలేదు.

తర్వాత మేస్త్రీ ఒక పని చేశాడు. తాడు కొయ్యను పీకి, తాడును చుట్టి ఒడ్డు మీదికి విసిరేశాడు. తమ వాళ్లకు ఏదో చెప్పాడు. ముందుకు పోయినవాళ్లు ఆగారు. కొందరు తిరిగి వచ్చి ముసలాయన పక్కన వంగారు. మేము, వాళ్లు, మధ్యలో ముసలాయన, అంతా ఒకే మునుంగా వెనక్కి నడిచాం. మాలో ఒకామె పాట ఎత్తుకుంది. రెండో చరణానికే బెంగాలీలు చివరి మాట పట్టుకుని తప్పులతో అందుకున్నారు. ఆ తప్పులకు నవ్వలేక మా నడుములు నొప్పి పెట్టాయి.

అందరం ఒక్కసారే ఒడ్డెక్కాం. పెద్ద రైతు ఎవరు గెలిచారో తేల్చలేక గొడుగు మూసి మళ్లీ తెరిచాడు. యారాలే ముందుకు పోయింది. కొట్టం పొయ్యి దగ్గర విన్న మాట నేను చెప్తే నమ్మని మనిషి, ఇప్పుడు దాన్నే ఆయన ముందు పెట్టింది.

"పటేలా, మాకు వాళ్లను సూపిస్తివి, వాళ్లకు మమ్ముల సూపిస్తివి. ఇగో, ఇద్దరం ఒక్కతాన్నే ఉన్నం. ఇప్పుడెవరిని సూపిస్తవు?"

నేను మేస్త్రీకి చెప్పాను. అతను వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. పెద్ద రైతు చెడ్డ మనిషి కాదు, బేరం తెలిసిన మనిషి. పక్కనే ముదురుతున్న నారును చూశాడు, తగ్గుతున్న కాలువ నీళ్లను చూశాడు. మిగిలిన పొలమంతా రెండు జట్లకూ కలిపి గుత్తకు ఇచ్చాడు. నారు పీకడం, మోయడం వాళ్లది. నాటడం అందరిదీ. మా ఆడవాళ్లకు గుత్త దొరకడం అదే మొదటిసారి. పని అయిపోతే పొద్దు ఉండగానే ఇంటికి పోవచ్చని తెలిసి, మొదటి రోజు అంత తొందరగా ఇల్లు చేరి ఏం చెయ్యాలో తోచక ఒకరింటికి ఒకరం తిరిగాం.

ఇప్పుడు ఊళ్లో ఎద్దులు పోయిన కొట్టాలన్నీ గదులయ్యాయి. కిందికి సిమెంటు, పైకి రేకులు, కరెంటు బల్బు. వానాకాలం వస్తుందంటే ఎవరి కొట్టం బాగుందని పోటీ. మొదట కొట్టం ఇచ్చినందుకు నన్ను తిట్టిన యారాలు తన కొట్టానికి ఫ్యాను కూడా పెట్టించింది. ముసలాయన అక్కడే ఉంటాడు. మా కొట్టం కంటే అదే చల్లగా ఉందట.

ప్రతి ఏడూ మేస్త్రీ బయలుదేరే ముందు నాకు ఫోను చేస్తాడు. ఫోను మోగగానే యారాలు పక్కకు వచ్చి నిలబడుతుంది. ఎంతమంది వస్తున్నారని గాని, ఎప్పుడు వస్తున్నారని గాని అడగదు.

"ముసలాయన వస్తుండా లేదా, గది అడుగు ముందు."

వస్తాడు. మునుంలో ఆమె పక్క పట్టె ఆయనదే. ఆమె తెలుగులో సాధిస్తుంది, ఆయన బెంగాలీలో జవాబిస్తాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. పొద్దంతా మాట ఆగదు. మధ్యమధ్యలో ఆమె చెయ్యి ఆయన పట్టెలోకి పోయి వస్తూనే ఉంటుంది.